అన్నం తగ్గించిన కడుపు ఏమి చెబుతుంది?



గత నెల ఒక నికాహ్ నిమిత్తం మేము బాల్కొండ వెళ్ళాము. వలీమా విందులో బగారా అన్నం, దాల్చా వడ్డిస్తుండగా మా బంధువులలో పెద్దవారైన ఒక మామూజాన్ ఖాళీ పళ్ళెం ముందు మౌనంగా కూర్చున్నారు. షుగర్ వ్యాధి కారణంగా ఆరు వారాలుగా ఆయన అన్నం, రొట్టె, పప్పు అన్నీ మానివేసి గుడ్లు, మాంసం, నెయ్యి, కొబ్బరినూనెలతో గడుపుతున్నారు. బరువు తగ్గింది, రక్తంలో చక్కెర అదుపులోకి వచ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. కాని ఆయన జమాఅత్ నమాజుకు మస్జిదు వెళ్ళడం మానుకున్న సంగతి ఎవరూ గమనించలేదు. ఏకాంతంలో అడిగితే తల వంచుకొని చెప్పారు. మొదటి పది రోజులు విరేచనమే సరిగా కాలేదట. తరువాత కొబ్బరినూనె పెంచితే ఉన్నట్టుండి పరుగెత్తవలసి వచ్చిందట. వుజూ నిలవదన్న భయంతో నీళ్ళు తగ్గిస్తే మలం మళ్ళీ గట్టిపడి రక్తం కనిపించిందట. “ఈ మాట కొడుకుతో ఎలా చెప్పేది?” అన్నారు.

ఆ ప్రశ్నే ఈ నెల మా శీర్షికకు విషయమైంది. చెప్పుకోవడానికి సిగ్గుపడే ఈ బాధ ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్నది గనుక, దాని కారణాలను విడమరచి చెప్పడం మా బాధ్యత అని భావించాము.

నిజామాబాదు ప్రాంతం ఒకప్పుడు జొన్నరొట్టెల సీమ. 1931లో నిజాంసాగర్ పూర్తయింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. 1963లో బాల్కొండ సమీపాన పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. కాలువ నీటితో వరి విస్తరించింది. బోధన్ కర్మాగారం 2015లో మూతపడింది గాని, తీపి మాత్రం మన చాయ్ కప్పును విడిచిపోలేదు. మూడు పూటలా అన్నం, దానికి తోడు తీపి చాయ్ అలవాటైన ఇంట షుగర్ వ్యాధి ప్రవేశించినప్పుడు, పిండి పదార్థాలు తగ్గించమన్న సలహా సహజంగానే ఆకర్షిస్తుంది.

ఈ సలహా కొత్తది కాదు. లండనుకు చెందిన విలియం బాంటింగ్ 1863లోనే ఈ పద్ధతితో తాను సన్నబడిన తీరును చిన్న పుస్తకంగా ప్రకటించాడు. 1921లో అమెరికాలోని మాయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగులకు కొవ్వు ప్రధానమైన కీటో ఆహారాన్ని ప్రతిపాదించాడు. ఆ ఆహారం తీసుకునే పిల్లలలో మలబద్ధకం తరచుగా కనిపించే ఇబ్బంది అని వైద్యులకు చిరకాలంగా తెలుసు. మన తెలుగు నేలపై వీరమాచనేని రామకృష్ణ గారి ప్రసంగాల ద్వారా ఇటువంటి పద్ధతి ఇంటింటి మాట అయింది. అనుసరించేవారి లాభనష్టాలపై మేము తీర్పు చెప్పబోవడం లేదు. పొట్టలో జరిగేది మాత్రం వివరిస్తాము.

మొదటి మార్పు నీటిది. మన శరీరం కాలేయంలోను, కండరాలలోను గ్లైకోజెన్ రూపంలో పిండి పదార్థాన్ని నిలువ చేస్తుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. పిండి పదార్థాలు ఆగిపోగానే ఈ నిలువ కరిగి, నీరు మూత్రంగా వెళ్ళిపోతుంది. ఇన్సులిన్ తగ్గడం వల్ల మూత్రపిండాలు ఉప్పును కూడా అధికంగా వదులుతాయి. మొదటి వారంలో తగ్గే బరువులో ఎక్కువ భాగం ఈ నీరే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు పెద్దపేగు మలంలోని తడిని మరింత పీల్చుకుంటుంది. అందువల్ల మలం గట్టిపడుతుంది.

రెండవది పీచు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. జొన్నలలో సుమారు 10 గ్రాములు, కందిపప్పులో 9 గ్రాములు. అంటే అన్నం మానినందువల్ల పోయే పీచు స్వల్పమే. అన్నంలో కలుపుకొనే పప్పు, కూర, ఆకుకూర కూడా దానితోపాటే పళ్ళెం నుండి తొలగిపోవడమే అసలు నష్టం. పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మాంసం, గుడ్లు, నెయ్యిలో పీచు బొత్తిగా లేదు. పేగులలోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి తయారుచేసే ఆమ్లాలే పెద్దపేగు గోడకు ఆహారమన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

మూడవది కొవ్వు. కొవ్వు జీర్ణం కావడానికి కాలేయం పైత్యరసాన్ని తయారుచేస్తుంది, పిత్తాశయం దానిని దాచి అవసరమైనప్పుడు విడుదల చేస్తుంది. కొవ్వు ఒక్కసారిగా పెరిగితే జీర్ణం కాని కొవ్వు, మిగిలిన పైత్యరసం పెద్దపేగును చేరి నీళ్ళ విరేచనాలు కలిగిస్తాయి. పిత్తాశయం తొలగించుకున్నవారిలో ఇది మరింత ఎక్కువ. కొబ్బరినూనెను ఒకేసారి అధికంగా తాగితే కడుపు మెలిపెట్టడం కూడా సాధారణమే. పంచదార లేని మిఠాయిలలో వాడే సార్బిటాల్, మాల్టిటాల్ వంటివి గ్యాసును, విరేచనాలను పెంచుతాయి. షుగర్ మాత్ర అయిన మెట్‌ఫార్మిన్ కూడా కొందరిలో ఇదే పని చేస్తుంది గనుక నెపమంతా ఆహారంపైనే వేయరాదు.

మరి సహజమైనది ఏది? రోజుకు మూడు సార్ల నుండి వారానికి మూడు సార్ల వరకు విరేచనం కావడం సాధారణ పరిధిలోనిదేనని వైద్యులు చెబుతారు. సంఖ్య కన్నా తీరు ముఖ్యం. మేకపెంటికల వలె గట్టిగా రావడం మలబద్ధకానికి గుర్తు. మృదువుగా, నొప్పి లేకుండా రావడం ఆరోగ్యం.

ఇక చేయవలసినవి. అన్నం, రొట్టె ఒక్కరోజులో మానక రెండు మూడు వారాలలో క్రమంగా తగ్గించండి. పళ్ళెంలో సగం బీరకాయ, సొరకాయ, బెండకాయ, తోటకూర, పాలకూర, గోంగూర ఉండాలి. నూనె, నెయ్యి కొద్దికొద్దిగానే పెంచండి. ఒక చెంచా అవిసె గింజల పొడి, లేదా ఇఫ్తార్‌లో మనం వాడే తుఖ్మరియా, లేదా ఇసబ్‌గోల్ మేలు చేస్తాయి. ఇసబ్‌గోల్‌ను నిండు గ్లాసు నీటితోనే తీసుకోవాలి. నీరు చాలకపోతే అదే అడ్డుపడుతుంది. మందులకు, దానికి మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, భోజనం తరువాత నడక, ఉదయం ఒకే వేళకు వెళ్ళే అలవాటు మంచివి. గుండె, మూత్రపిండాల జబ్బు, రక్తపోటు ఉన్నవారు నీటిని, ఉప్పును వైద్యుని అడిగే పెంచాలి.

మన ఇళ్ళలో సనా మక్కీ, అనగా సునాముఖి ఆకు, పేరున్న ఔషధం. ఎప్పుడో ఒకసారి వాడటం వేరు, ప్రతి రాత్రి తాగడం వేరు. రోజూ వాడితే నీరు, లవణాలు నష్టమై నీరసం కలుగుతుంది. గర్భిణులు వైద్యుని అడగక వాడరాదు.

అన్నిటికన్నా ముఖ్యమైన హెచ్చరిక ఇది. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటివి వాడేవారు మోతాదు మార్పించుకోకుండా అన్నం మానితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారిలో రక్తం ఆమ్లమయమయ్యే కీటోఅసిడోసిస్ రావచ్చు. అప్పుడు గ్లూకోమీటరులో చక్కెర అంతగా పెరగకపోయినా వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తాయి. “పొట్టకు ఇంకా అలవాటు కాలేదు” అని ఇంట కూర్చుంటే ప్రాణానికే ముప్పు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, వాడుతున్న మాత్రలు వెంట తీసుకొని చూపాలి.

మలంలో రక్తం, తారు వంటి నల్లని మలం, రాత్రి నిద్రలేపే విరేచనాలు, పొట్ట ఉబ్బి గాలి కూడా పోకపోవడం, కుడి డొక్కలో నొప్పితో జ్వరం లేదా కళ్ళు పచ్చబడటం, ఇవన్నీ ఆహారపు అలవాటు మార్పు అని కొట్టివేయదగినవి కావు. వయసు పైబడినవారిలో మలవిసర్జన తీరు మారి నెల దాటినా కుదుటపడకపోతే తప్పక పరీక్ష చేయించాలి.

వుజూ విషయంలో బాధపడే పెద్దలకు ఒక మాట. ఆపుకుంటూ నమాజు చేయడం ధర్మంలో ఇష్టపడదగిన పని కాదు. వుజూ నిలవని రోగికి షరీఅత్ సడలింపులు ఇచ్చింది. అవి మీకు ఎంతవరకు వర్తిస్తాయో మీ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. నీళ్ళు మానడం మాత్రం పరిష్కారం కాదు. కడుపు నిండా తినక నీటికి, శ్వాసకు చోటు ఉంచమన్న ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధన అన్నం ప్రియులకే కాదు, నెయ్యి ప్రియులకూ వర్తిస్తుంది.

మామూజాన్‌ను ఆ మరునాడే ఆయన కుమారుడు వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాడు. పరీక్షలో తేలింది గట్టి మలం వల్ల ఏర్పడిన చీలిక మాత్రమే, అల్‌హమ్దులిల్లాహ్. షుగర్ మందుల మోతాదు కూడా వైద్యుడు సవరించాడు. ఇప్పుడు ఆయన పళ్ళెంలో సగం జొన్నరొట్టె, గిన్నెడు తోటకూర, కొద్దిగా మాంసం ఉంటున్నాయి. నీళ్ళు తాగుతున్నారు, మస్జిదుకు వెళుతున్నారు. తండ్రి ఇంతకాలం ఒంటరిగా బాధపడ్డాడని కుమారుడు కంటతడి పెట్టుకున్నాడు. మీ ఇంట కూడా భోజనం మార్చుకున్న పెద్దలుంటే బరువు ఎంత తగ్గిందని మాత్రమే అడగక, కడుపు ఎలా ఉన్నదని కూడా అడగండి. సిగ్గు తెర తొలగించే మొదటి మాట పిల్లల నుండే రావాలి.