పిల్లలు ఎవరిని చూసి పెరుగుతున్నారు?

ఏటా నవంబరు 11న మౌలానా అబుల్ కలాం ఆజాద్ జయంతి వస్తుంది. ప్రభుత్వం ఆ రోజును జాతీయ విద్యా దినోత్సవంగా, మైనారిటీల సంక్షేమ దినోత్సవంగా జరుపుతుంది. పటానికి పూలదండ వేస్తారు. ఉపన్యాసాలు సాగుతాయి. మీరంతా ఆజాద్ అంతటివారు, అబ్దుల్ కలాం అంతటివారు కావాలని వేదిక మీది పెద్దలు పిల్లలకు చెబుతారు. పిల్లలు చప్పట్లు కొట్టి, మిఠాయి తీసుకుని ఇంటికి వెళతారు. ఆ తర్వాత మరుసటి నవంబరు దాకా ఆ మహనీయుల ఊసు ఎత్తేవారుండరు.

ఇటీవల రాజమహేంద్రవరంలో సాయంత్రం ఖుర్ఆన్ తరగతికి వచ్చే పిల్లలతో కాసేపు మాట్లాడే అవకాశం మాకు కలిగింది. పెద్దయ్యాక ఎవరిలా ఉండాలని ఉందని అడిగాం. క్రికెట్ ఆటగాళ్ళ పేర్లు, సినిమా నటుల పేర్లు వరుసగా వచ్చాయి. ఒక బాలుడు మాత్రం తన అన్న పనిచేసే మెకానిక్ షెడ్డు యజమాని పేరు చెప్పాడు. తోటి పిల్లలు నవ్వారు గాని, మాకు ఆ జవాబే అన్నిటికన్నా నిజమైనదిగా తోచింది. ఆ పిల్లవాడు రోజూ చూసే మనుషులలో నలుగురికి పని ఇచ్చేవాడు, నలుగురి చేత సలాం అందుకునేవాడు ఆ యజమానే. చేతిపనిని మేము చిన్నచూపు చూడడం లేదు. గోదావరి జిల్లాలలో మన కుటుంబాలు ఎన్నో దాని మీదనే నిలబడ్డాయి. ఆ వీధిలో మరొక దారి వాడి కంటికి కనిపించకపోవడమే మా బాధ.

ముస్లిం పిల్లలలో 6 నుంచి 14 ఏళ్ళ వయసువారిలో నాలుగోవంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ నివేదిక తేల్చింది. మరుసటి సంవత్సరం మన రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు విద్య, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ చట్టం వచ్చింది. ఆ చట్టంతో చదువుకుని ఉద్యోగంలో చేరిన మనిషిని ఒక్కరినైనా చూడని పిల్లవాడికి ఆ 4 శాతం ఒక వార్త మాత్రమే.

ఇక అబ్దుల్ కలాం సంగతి. పటంలోని కలాంను మనం పిల్లలకు చూపిస్తున్నాం. ఆ కలాం ఎవరిని చూసి పెరిగారో మాత్రం చెప్పడం మరచిపోతున్నాం. తన ఆత్మకథలో ఆయన ఎంతో ప్రేమతో తలచుకున్నవారంతా రామేశ్వరం వీధులలోని మనుషులే. జలాలుద్దీన్ ఆయనకన్నా సుమారు పదిహేనేళ్ళు పెద్ద, తరువాత బావగారయ్యారు. చదువుకున్నవారి గురించి, కొత్త ఆవిష్కరణల గురించి ఆ కుర్రవాడితో మాట్లాడుతూ సాయంత్రాలు నడిచేవారు. షంషుద్దీన్ ఆ ఊరికి వార్తాపత్రికలు పంచే బంధువు. రైలులోంచి విసిరే పత్రికల కట్టలు అందుకునే పని ఇచ్చి, కలాంకు మొదటి సంపాదన చేతిలో పెట్టింది ఆయనే. విజ్ఞానశాస్త్రం చెప్పిన శివసుబ్రహ్మణ్య అయ్యర్ ఆ ముస్లిం విద్యార్థిని తన ఇంటికి భోజనానికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. మద్రాసులో ఇంజనీరింగ్ చదువుకు డబ్బు చాలకపోతే అక్క జొహరా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టింది. వీరిలో ఎవరి పటానికీ నవంబరులో దండ పడదు. అయితే వీరు లేకుంటే దండ వేయడానికి ఆ పటమూ ఉండేది కాదేమో!

మన డెల్టాలో అటువంటివారు లేరా? పిఠాపురంలో 1885లో పుట్టిన ఉమర్ అలీషా కవి తెలుగు, సంస్కృతం, ఉర్దూ, అరబ్బీ, పారశీక భాషలు నేర్చారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీక మూలం నుంచి తెలుగు పద్యాలలోకి తెచ్చారు. స్త్రీ విద్య కోసం గట్టిగా నిలబడ్డారు. కేంద్ర శాసనసభకు ఎన్నికై, 1945లో కన్నుమూసేదాకా ఢిల్లీలో మన ప్రాంతపు గొంతు వినిపించారు. ఆయన ఆధ్యాత్మిక మార్గంతో మన పాఠకులలో కొందరికి ఏకీభావం లేదని మాకు తెలుసు. ఆ చర్చకు ఇది చోటు కాదు. ముస్లింలకు తెలుగు రాదని బడిలో తోటివారు ఎగతాళి చేసినప్పుడు తల దించుకునే పిల్లవాడికి ఈ ఒక్క పేరు తెలిసి ఉంటే చాలదా?

ఆ పిఠాపురం రాజా పేరుతోనే కాకినాడలో ఉన్న పి.ఆర్. కళాశాలలో తత్వశాస్త్రం బోధించినవారు కవి ఇస్మాయిల్. నెల్లూరు నుంచి వచ్చి కాకినాడవారై, 2003లో అక్కడే కన్నుమూశారు. ఆయన కవితాసంపుటాలలో ఒకదాని పేరు 'చెట్టు నా ఆదర్శం'. ఆదర్శాన్ని ఆకాశంలో కాక వాకిట్లో వెదుక్కున్న కవి ఆయన. తెలుగు కవిత్వం చదివేవారికి ఆయన బాగా తెలుసు. మన మొహల్లాలలోనే ఆయన అపరిచితుడు.

దైవప్రవక్త (స) జీవితంలో మనకు చక్కని ఆదర్శం ఉన్నదని ఖుర్ఆన్ చెబుతున్నది. మిలాద్ సభలలో మనం దానిని పదే పదే వింటున్నాం. అబ్దుల్లాహ్ బిన్ ఆమిర్ బాల్యంలో జరిగిన సంఘటన ఒకటి హదీసులలో ఉన్నది. ఇలా రా, నీకొకటి ఇస్తానంటూ తల్లి ఆయనను పిలిచింది. ఏమివ్వాలనుకున్నావని ప్రవక్త (స) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇవ్వాలనుకున్నానని ఆమె చెప్పింది. ఏమీ ఇవ్వకుంటే అది నీ పేరున ఒక అబద్ధంగా రాయబడేదని ఆయన హెచ్చరించారు. పసివాడితో ఆడే మాట కూడా లెక్కలోకి వస్తుందన్నమాట. అప్పులవాడు ఫోను చేస్తే "అబ్బా ఇంట్లో లేరని చెప్పు" అని బిడ్డ చేతికి ఫోనిచ్చే తండ్రి, ఆ సాయంత్రం వాడిని సత్యం మీద బయాన్ వినడానికి మసీదుకు తీసుకువెళితే వాడు నేర్చుకునేది ఏ పాఠం?

చెప్పక తప్పని మరొక విషయం ఉన్నది. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి ఎందరో తల్లులు ఇంటిపనుల కోసం కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. అన్ని మతాలవారూ ఉన్నారు, మనవారూ ఉన్నారు. ఆ ఇళ్ళలో పిల్లలు నానమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో పెరుగుతూ, తల్లిని ఫోను తెరమీద చూసుకుంటున్నారు. వెళ్ళిన తల్లి గురించి మన వీధులలో నడిచే మాటలు ఎటువంటివో మనకు తెలియనివి కావు. అరుగు మీద కూర్చుని ఆ మాటలు ఆడేవారిలో నమాజు తప్పనివారూ ఉన్నారు. పరనింద చచ్చిన సోదరుని మాంసం తినడంతో సమానమన్న హెచ్చరిక వారూ విన్నదే. ఆ మాటలు పిల్లల చెవిన పడతాయన్న ఆలోచన కూడా వారికి రాదు. పరాయి ఇంటి వంటగదిలో పనిచేసి, కూతురి డిగ్రీ ఫీజు నెలనెలా పంపుతున్న ఆ తల్లి, తమ్ముడి కోసం గాజులు తాకట్టు పెట్టిన జొహరాకు ఏ విధంగా తీసిపోతుంది? ఒకరి కథను సభలో చెప్పి కన్నీరు పెట్టుకుంటాం. మరొకరి బిడ్డ ఎదుట గుసగుసలాడుతాం.

రాజమహేంద్రవరంలో మేము అడిగిన ప్రశ్నకు చివరగా ఒక బాలిక "మా అమ్మీ" అని చెప్పింది. ఎక్కడ ఉంటారమ్మా అని అడిగాం. "కువైట్‌లో" అని చెప్పి, పక్కవారి ముఖాలు ఒకసారి చూసి, తల వంచుకుంది. ఆ అమ్మాయి తల వంచుకోవలసిన పని ఏమిటి?

మసీదు కమిటీల పెద్దలకు మాదొక విన్నపం. మీ మొహల్లాలో మొదట డిగ్రీ చదివినవారు, నర్సుగానో ఉపాధ్యాయులుగానో పనిచేస్తున్నవారు ఎవరో కనుక్కోండి. నెలలో ఒక జుమా రోజు అసర్ తరువాత వారిని పిల్లల మధ్య కూర్చోబెట్టండి. ఉపన్యాసం అక్కరలేదు. ఏ దరఖాస్తు ఎక్కడ పెట్టారో, ఎన్నిసార్లు తప్పారో, ఫీజు ఎవరిచ్చారో చెబితే చాలు. ఆడపిల్లలకు ఆ అవకాశం లేనిచోట ఏదైనా ఇంట్లో ఆ ఏర్పాటు చేయండి. వచ్చే సంచిక నుంచి అటువంటివారి కోసం మా పత్రికలో ఒక పేజీ కేటాయిస్తున్నాం. వారి అనుమతి తీసుకుని, వారి కథను మీ మాటల్లో రాసి పంపండి. ఆ బాలిక తల్లి ఇష్టపడితే, మొదటి పేజీ ఆమెదే.