నీడకు ఉన్న స్వేచ్ఛ

కంప్యూటర్లతో చేసే కళ గురించి మనం మాట్లాడుకోవడం అవసరమా అని కొందరికి అనిపించవచ్చు. రాత్రిపూట నలుగురిలో నిలబడి ఎవరు నవ్వగలరన్న ప్రశ్న అందులో ఉంది కనక అవసరమే అంటాను.

2001లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో, ఒక పెద్ద కూడలిలో, మెక్సికోలో పుట్టిన కళాకారుడు రఫాయెల్ లొజానో-హెమ్మర్ 'బాడీ మూవీస్' ప్రదర్శించాడు. వీధుల్లో తీసిన వెయ్యికి పైగా మనుషుల ఫొటోలను, కొన్ని కొన్నిగా, ప్రొజెక్టర్లతో గోడ మీద వేశారు. కానీ నేల మీద పెట్టిన దీపాల వెలుగుకు అవి కనిపించవు. ఎవరైనా అడ్డం నడిస్తే, వాళ్ల నీడ పడినంత మేరే ఎవరిదో బొమ్మ బయటపడుతుంది. దీపానికి దగ్గరైతే నీడ 25 మీటర్లు, గోడకు దగ్గరైతే 2 మీటర్లే. గోడ మీది బొమ్మలన్నీ నీడల్లోకి వస్తేనే కంప్యూటర్ కొత్తవి వేస్తుంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు సర్దుకుని నిలబడితే తప్ప ఆ పని కాదు.

జనం దీన్ని ఆట చేసుకున్నారు. పెద్ద నీడ చిన్న నీడను అరచేతిలో ఎత్తుకుంటుంది, కాలితో తొక్కబోతుంది. మన తోలుబొమ్మలాటే, కాకపోతే ఇక్కడ బొమ్మా ఆడించేవాళ్లూ ఒకరే.

నీడకు మొహం ఉండదు. పొట్టి పిల్ల కూడా దీపం దగ్గర నిలబడితే మగవాణ్ణి మించిపోతుంది. ఈ స్వేచ్ఛ నాకు నచ్చింది. కానీ దీపానికీ గోడకూ మధ్య ఉన్న ఒంటికి మొహం ఉంది, ఇల్లు చేరాల్సిన వేళ ఉంది. పైగా ఆ నీడలను కనిపెట్టేది నిఘా కెమెరా.

ఇలాంటి చోట 'సమూహం ఏర్పడింది' అని విమర్శకులు తొందరగా అనేస్తారు. రానివాళ్లెవరో వాళ్లు లెక్కపెట్టరు. బతుకమ్మ తొమ్మిది రోజులూ చీకటిపడ్డాక వీధి ఆడవాళ్లదే. పండుగ దాటాక అదే వీధిలో అదే వేళకు 'ఇంత పొద్దుపోయి ఎక్కడికి?' అంటారు. ఆ తొమ్మిది రోజుల్లోనైనా ఏ కులపు స్త్రీలకు వలయంలో చోటుండేదో, ఎవరు పక్కన వేరుగా ఆడుకునేవారో తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పండుగ ఇచ్చే అనుమతి ఎరువు సొమ్ము లాంటిది. దీపాలు ఆర్పగానే వెనక్కి తీసుకుంటారు.

ఇలాంటి ప్రదర్శనలు మన నగరాల్లో పెట్టేవాళ్లను కళ గురించి అడిగే ముందు వేరేవి అడగాలి. ఆఖరి బస్సు ఎన్నింటికి? మరుగుదొడ్డి ఎక్కడ? చంటిపిల్లను ఎవరు ఎత్తుకుంటారు? కెమెరాలో పడినవాటిని ఎన్నాళ్లు దాచుకుంటారు, ఎవరికి చూపిస్తారు?