సిల్తారా మ-గణం

రాయపూర్‌కు ఉత్తరాన, బిలాస్‌పూర్ రోడ్డు మీద, స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల పొగలో ఉంటుంది సిల్తారా. హిందీవాళ్లు ఆ పేరు పలికితే 'తా' కాస్త పైకి లేస్తుంది. బరువైన అక్షరం వైపు మొగ్గడం హిందీ ఊనిక (అంటే నొక్కు) స్వభావం. మనవాళ్లు మూడక్షరాలనూ దాదాపు సమంగానే లాగుతారు.

మాటలో ఏ అక్షరాన్ని నొక్కాలన్న విషయంలో ఏ భాష దారి దానిదే. చెక్, హంగేరియన్, ఫిన్నిష్ మొదటి అక్షరాన్ని నొక్కుతాయి, పోలిష్ చివరి నుంచి రెండోదాన్ని. భాషావేత్తలు గూడెమన్స్, వాన్ డెర్ హల్స్ట్ 502 భాషలను పరిశీలిస్తే మొదటి అక్షరాన్ని నొక్కేవి 92, చివరి నుంచి రెండోదాన్ని నొక్కేవి 110 తేలాయి. 220 భాషల్లో స్థిరమైన చోటే లేదు. రష్యన్‌లో ఒకే మాటను ముందు నొక్కితే వేదన, వెనక నొక్కితే పిండి!

మరి తెలుగు? భద్రిరాజు కృష్ణమూర్తి, లీ లిస్కర్ 1991లో రాసిన పరిశోధన పత్రం పేరులోనే దీన్ని 'ఊనిక లేని' భాష అన్నారు, అదీ కొటేషన్ గుర్తుల మధ్య. ఆ గుర్తులు పెట్టడం సబబే. మనమూ ఎక్కడో ఒకచోట నొక్కుతాం, కానీ ఆ నొక్కు మారినంత మాత్రాన అర్థం మారదు. అర్థాన్ని మార్చేవి దీర్ఘం, ద్విత్వం. కలం వేరు, కాలం వేరు. గుడి వేరు, గుడ్డి వేరు. మన ఛందస్సు కూడా నొక్కును పట్టించుకోదు, గురులఘువులనే లెక్కపెడుతుంది.

ఆ లెక్కన సిల్తారా మూడు గురువుల మ-గణం. శార్దూలం మొదలయ్యేది దానితోనే. అయితే రెండో అక్షరం 'ల్తా' గనక నాలుగు పాదాల్లోనూ 'ల్త' ప్రాస కుదరాలి. అక్కడ ఎంతటి కవికైనా చెమటలు పడతాయి. మత్తేభంలో ఐదో గణంగా పెడితే ఆ బాధ లేదు, యతి మాత్రం సరిగ్గా 'ల్తా' మీదే పడుతుంది.

రాయపూర్ తెలుగువాళ్లకు కొత్త ఊరు కాదు. విజయనగరం నుంచి ఇక్కడికి రైలు దారి పూర్తయింది 1931లో. ఇక్కడ తరాలుగా ఉంటున్న తెలుగిళ్ల పిల్లలు తెలుగు మాట్లాడితే హిందీ యాస వినిపిస్తుందని పెద్దలు చిన్నబుచ్చుకుంటారు. ఆ యాసను పట్టించుకోకండి, నొక్కు అర్థాన్ని మార్చదు గనక దానివల్ల భాషకు వచ్చే నష్టమేమీ లేదు. దీర్ఘం కుదించినప్పుడు, ఒత్తు మింగినప్పుడు మాత్రం ఆపి మళ్లీ పలికించండి. చప్పట్లు కొడుతూ గురులఘువులు చెబితే ఆరేళ్ల పిల్లలైనా పట్టుకుంటారు.

'సిల్తారా'ను ఇమిడ్చి ఒక మత్తేభమో శార్దూలమో రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాం. యతిప్రాసలు తప్పితే మాత్రం తిప్పి పంపుతాం.