మీ కాలేజీ మెయిల్ చేరుతోందా? ఈ రోజే చూసుకోండి

ఇబ్రహీంపట్నం, మంగళ్‌పల్లి, ఆదిబట్ల, కొంగరకలాన్ పరిసరాల్లో సొంత డొమైన్ పేరుతో మెయిల్ నడుపుతున్న ప్రతి కాలేజీకి, ప్రతి ఆస్పత్రికి, ప్రతి చిన్న కంపెనీకి ఇది హెచ్చరిక. మీరు పంపిన ఉత్తరం మీ కంప్యూటర్ దాటి వెళ్లింది కాబట్టి అవతలివారికి అందిందనుకోకండి. మీ డొమైన్‌గానీ, మీ సర్వర్ ఐపీ అడ్రస్‌గానీ బ్లాక్‌లిస్టు అనే స్పామ్ పంపేవారి చిట్టాకెక్కితే ఉత్తరాల్లో కొన్ని తిరిగొస్తాయి, కొన్ని స్పామ్ ఫోల్డర్‌లో పడతాయి. మరికొన్నిటిని అవతలి సర్వర్ తీసుకున్నట్టే తీసుకుని, ఎవరికీ చూపకుండా పక్కన పడేస్తుంది. మీకు ఏ కబురూ రాదు. అసలు నష్టమంతా ఇలాంటి ఉత్తరాలతోనే.

సాగర్ రోడ్డు పొడవునా ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. అక్కడ చదివిన పిల్లలు విదేశాలకు దరఖాస్తు చేసుకున్నప్పుడు సిఫారసు లేఖలు కాలేజీ అధికారిక మెయిల్ నుంచే రావాలని చాలా విశ్వవిద్యాలయాలు అడుగుతాయి. అధ్యాపకుడి సొంత జీమెయిల్ కుదరదంటాయి. కాలేజీ పంపుతుంది. అక్కడి సర్వర్ మన ఐపీని చిట్టాలో చూసి ఆపేస్తుంది. ఇక్కడి ఆఫీసు పంపిన తేదీ చూపిస్తుంది, అక్కడి ఆఫీసు రాలేదంటుంది. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, ఈలోగా గడువు దాటిపోతుంది. అప్పు చేసి కొడుకునో కూతురినో చదివించిన తల్లిదండ్రులకు ఆ పోయిన ఏడాది ఎవరు తిరిగిస్తారు? ఆదిబట్ల విమాన విడిభాగాల పరిశ్రమకు పని చేసిపెట్టాలనుకునే చిన్న వర్క్‌షాపుకూ ఇదే గతి. కొటేషన్ చేరకపోతే ఆర్డర్ ఇంకొకరికి పోతుంది. ఎందుకు పోయిందో యజమానికి ఎన్నటికీ తెలియదు.

ఈ చిట్టాలు ప్రభుత్వాలు పెట్టినవి కావు. 1997లో అమెరికాలో పాల్ విక్సీ, 1998లో లండన్‌లో స్పామ్‌హౌస్ పేరుతో స్టీవ్ లిన్‌ఫర్డ్ చెత్త మెయిల్ పంపేవారి జాబితాలు నడపడం మొదలుపెట్టారు. ఇవాళ మెయిల్ సర్వర్లు ఉత్తరాన్ని లోపలికి తీసుకునే ముందు ఇలాంటి జాబితాను అడిగి చూడటం మామూలైపోయింది. అవే లేకపోతే మన ఇన్‌బాక్సులన్నీ మోసపు లింకులతో నిండిపోతాయి. కాబట్టి వాటిని తిట్టి లాభం లేదు.

చిట్టాకెక్కడానికి దొంగపని చేయనక్కర్లేదు. ల్యాబ్‌లో దొంగకాపీ సాఫ్ట్‌వేర్ వేసిన ఒక్క కంప్యూటర్‌కు వైరస్ సోకి, అది రాత్రంతా స్పామ్ పంపితే చాలు. అకౌంట్స్ సెక్షన్‌లో ఒకరి పాస్‌వర్డ్ బయటపడితే చాలు. ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ లైన్ మీదే మెయిల్ సర్వర్ పెట్టుకున్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇళ్లకిచ్చే కనెక్షన్ల ఐపీలను స్పామ్‌హౌస్ పీబీఎల్ అనే వేరే జాబితాలో ముందే రాసిపెడుతుంది. అలాంటి లైన్ నుంచి నేరుగా మెయిల్ బయటికి రాకూడదన్నదే దాని ఉద్దేశం. ఇక చవక హోస్టింగ్ తీసుకుంటే ఒకే ఐపీ మీద వందల సైట్లుంటాయి. చెరువు కాలువలో ఎగువన ఎవరో పురుగుమందు డబ్బా కడిగితే దిగువ మడులన్నిటికీ ఆ నీళ్లే పారినట్టు, ముక్కూమొహం తెలియని పొరుగు సైటు చేసిన పాపం మీ ఉత్తరాలకు చుట్టుకుంటుంది.

అన్నిటికన్నా నన్ను భయపెడుతున్నది అడ్మిషన్ల సీజన్. ఇంటర్ పూర్తయిన విద్యార్థుల పేర్లు, నంబర్లు, మెయిళ్లు ఉన్న జాబితాలు అమ్ముతామంటూ తిరిగేవాళ్లు కాలేజీల గడప తొక్కుతారు. దయచేసి కొనకండి. అలాంటి జాబితాల్లో ఎప్పుడో మూతబడిన అడ్రసులుంటాయి. స్పామ్ పంపేవారిని పట్టుకోవడానికే కొన్ని అడ్రసులను సంస్థలు వలలా పరిచి ఉంచుతాయి. ఏ మనిషీ వాడని ఆ అడ్రసుకు మీ బ్రోషర్ వెళ్లిందంటే మీరు అనుమతి లేకుండా పంపుతున్నారని తేలిపోయినట్టే. జీమెయిల్ లెక్క ప్రకారం స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. అంటే ఇన్‌బాక్సుకు చేరిన వెయ్యి ఉత్తరాలకు ముగ్గురు విసుగొచ్చి ‘స్పామ్’ బటన్ నొక్కినా మీరు గీతను తాకినట్టే. సీటు కోసం తిరుగుతున్న పిల్లాడికి రోజుకు పది బ్రోషర్లు వస్తుంటే నొక్కకుండా ఉంటాడా? పైగా, అడగకుండా ఒకరి వివరాలు కొని వాడుకోవడం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం స్ఫూర్తికే విరుద్ధం. అడ్మిషన్ ప్రచారం వల్ల పోయిన పరువు ప్రచారానికే పరిమితం కాదు. అదే డొమైన్ నుంచి వెళ్లే ట్రాన్‌స్క్రిప్టును కూడా ఆపేస్తుంది.

నియమాలు ఏటా బిగుస్తున్నాయి. గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి, మైక్రోసాఫ్ట్ 2025 మే నుంచి రోజుకు 5,000కు మించి పంపేవారికి, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పెద్దఎత్తున పంపేవారికి ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలన్నాయి. ఈ ఉత్తరం నిజంగా ఈ డొమైన్ పంపిందే అని చెప్పే రుజువులివి, మీ డొమైన్ డీఎన్ఎస్ సెట్టింగుల్లో రాయాలి. తక్కువ పంపేవారికి కూడా జీమెయిల్ మొదటి రెండిట్లో కనీసం ఒకటి అడుగుతుంది. 2025 నవంబరు నుంచి అమలు ఇంకా కఠినం చేసింది. మీకు ఉన్నాయో లేవో తెలుసుకోవడం తేలిక. ఆఫీసు మెయిల్ నుంచి ఒక జీమెయిల్‌కు ఉత్తరం పంపి, కంప్యూటర్‌లో దాన్ని తెరిచి, మూడు చుక్కల మెనూలో ‘షో ఒరిజినల్’ నొక్కండి. మూడింటి ఎదురుగా ‘పాస్’ అని కనిపించాలి.

ఇది ఎక్కడో జరిగే సంగతి అనుకునేవారు రెండు తేదీలు గుర్తుచేసుకోవాలి. 2018 సెప్టెంబరు 24న చెన్నైకి చెందిన జోహో సంస్థ డొమైన్‌ను, దాన్ని నమోదు చేసిన రిజిస్ట్రార్ కంపెనీయే నిలిపేసింది. కారణం, జోహో మెయిల్‌ను వాడుకుని ఎవరో చేసిన ఫిషింగ్ మీద వచ్చిన కొద్దిపాటి ఫిర్యాదులు. 3 కోట్లకు పైగా వాడుకదారులున్న కంపెనీ అధిపతి శ్రీధర్ వెంబు రిజిస్ట్రార్‌లో పైవారిని పట్టుకోవడానికి ట్విట్టర్‌లో సాయం అడగాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థకే ఆ గతి పడితే సాగర్ రోడ్డు మీది కాలేజీ మొర ఎవరు వింటారు? రెండోది 2021 మార్చి 8, ఈసారి మెయిల్ కాదు, ఎస్ఎంఎస్‌ల వంతు. ఆ రోజు టెలికాం కంపెనీలు ఎస్ఎంఎస్‌లను నమోదైన టెంప్లేట్లతో సరిపోల్చి, సరిపోలని వాటిని ఆపడం మొదలుపెట్టాయి. టెంప్లేట్లు సరిగ్గా నమోదు చేయని బ్యాంకులు, సంస్థల ఓటీపీలు దేశమంతా ఆగిపోయాయి. మర్నాడే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ తనిఖీని వారం పాటు నిలిపివేయించింది. ఆ వ్యవస్థకు ఆధారమైన వేదికల్లో ఒకటైన ట్రూబ్లాక్‌ను కట్టింది మన హైదరాబాద్ కంపెనీ టాన్లాయే. తెలివి మన పక్కనే ఉంది, అడిగి తెలుసుకోవడమే మనం చేయడం లేదు.

ఇప్పటికే చిక్కుకున్నవారు ముందు తిరిగొచ్చిన ఉత్తరాన్ని పూర్తిగా చదవండి. 5తో మొదలయ్యే కోడ్ ఉంటే తిరస్కరించారని, 4తో మొదలైతే ప్రస్తుతానికి ఆపారని అర్థం. ఆపిన ఉత్తరాన్ని మీ సర్వర్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో మామూలు గడువు 5 రోజులు, అంటే వైఫల్యం మీకు ఆరో రోజున తెలియవచ్చు. చాలాసార్లు ఏ జాబితా అడ్డుపడిందో కోడ్ పక్కనే రాసి ఉంటుంది.

వెంటనే పేరు తీయించుకోవడానికి పరుగెత్తకండి. స్పామ్ ఎక్కడి నుంచి వెళుతోందో పట్టుకోకుండా పేరు తీయిస్తే అది మళ్లీ ఎక్కుతుంది, రెండోసారి దిగడం ఇంకా కష్టం. బయటికి వెళ్లే మెయిల్‌ను ఆపండి. లాగ్‌లో ఏ ఖాతా నుంచి అసాధారణంగా ఉత్తరాలు వెళ్లాయో చూడండి. ఆ ఖాతా పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల లాగిన్ పెట్టండి. దొంగలు చాటుగా పెట్టిపోయే ఫార్వర్డింగ్ రూల్స్ వెతికి తీసేయండి. పాస్‌వర్డ్ మార్చినా ఆ రూల్ ఉంటే మీ ఉత్తరాలు వాళ్లకు పోతూనే ఉంటాయి, ఫీజు కట్టాల్సిన బ్యాంకు ఖాతా మారిందని మీ పేరుతో తల్లిదండ్రులకు రాసే అవకాశమూ మిగిలిపోతుంది. వైరస్ పట్టిన కంప్యూటర్లకు 2017లో కేంద్రం మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర ఉచితంగా శుభ్రపరిచే సాధనాలిస్తుంది. మెయిల్ సర్వర్ మీద దాడి జరిగినట్టు తేలితే 6 గంటల్లోగా కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు సంస్థలను కోరుతున్నాయి. ఎవరి డబ్బైనా పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఆ క్షణమే ఫోన్ చేయాలి.

లీకు మూసుకున్నాకే జాబితా నుంచి పేరు తీయమని అడగండి. స్పామ్‌హౌస్ ఇందుకు పైసా తీసుకోదు. డబ్బిస్తే గంటలో తీయిస్తామని ఫోన్ చేసేవారిని నమ్మకండి. కొత్త డొమైన్ కొని అదే ధోరణిలో పంపడం మొదలుపెట్టకండి, చరిత్ర లేని డొమైన్‌ను సర్వర్లు మరింత అనుమానంగా చూస్తాయి.

ఇక ఈ వారంలోనే చేయాల్సినవి. ప్రచారపు ఉత్తరాలకు వేరే సబ్‌డొమైన్ పెట్టండి, పరీక్షల విభాగం మెయిల్‌ను దానితో కలపకండి. గడువున్న ఏ లేఖ పంపినా అందిందా అని ఫోన్‌లో కనుక్కునే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పగించండి. డొమైన్ రిజిస్ట్రార్ దగ్గర మీరిచ్చిన సంప్రదింపు మెయిల్ ఏదో తెరిచి చూడండి. అది అదే డొమైన్ మీద ఉన్నా, ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన కుర్రాడిదైనా, డొమైన్ ఆగిన రోజు రిజిస్ట్రార్ పంపే నోటీసు మీ చేతికి రాదు. దాన్ని వేరే డొమైన్ మీద ఉన్న మెయిల్‌కు మార్చి, ప్రిన్సిపాల్ ఫోన్ నంబరు కూడా అక్కడ రాయించండి.