పబ్బుకు పోయే పిల్లల్ని తిట్టే ముందు



బెంగళూరులో ఉద్యోగం చేసే మన పిల్లలు శనివారం రాత్రి పబ్బుకు పోయి లైవ్ మ్యూజిక్ వింటున్నారని పెద్దవాళ్ళకు కోపంగా ఉంది. పాట కావాలంటే ఫోనులో లేదా అని అడుగుతున్నారు. తాగుడు సంగతి వేరే, దాన్ని నేను వెనకేసుకుని రాను. కానీ కళ్ళెదుట ఒక మనిషి వాయిస్తా ఉంటే నలుగురితో కూర్చుని వినాలనే ఆశలో తప్పేముంది? ఆ ఆశ తీర్చే చోటు మన వీధిలోనే ఉండేది. దాన్ని మనమే పోగొట్టుకుంటున్నాం.

నేను చెప్పేది నాగస్వరం గురించి. కావేరి ఒడ్డు ఊళ్ళలో ఉత్సవం అంటే రాత్రి ఊరేగింపు. స్వామి బయలుదేరేటప్పుడు గంభీరనాటలో మల్లారి వాయిస్తారు. దానికి సాహిత్యం లేదు. తరువాత వీధుల్లో రాగాలు, కీర్తనలు. వినేవాళ్ళు ఎక్కువ చేరిన మూలలో స్వామి ఆగుతాడు, విద్వాంసుడు అక్కడే నిలబడి ఒక రాగాన్ని తీరిగ్గా విస్తరిస్తాడు. టికెట్టు లేదు, మెంబరుషిప్పు లేదు. చివర స్వామిని పడుకోబెట్టడానికి నీలాంబరి.

ఇందులో తెలుగువాళ్ళ వాటా చిన్నది కాదు. త్యాగరాజస్వామి తిరువయ్యారులో ఉండి తెలుగులో కట్టిన కీర్తనల్ని, ఇంట్లో తమిళం మాట్లాడే నాగస్వర విద్వాంసులు తరతరాలుగా నేర్చుకుని వీధికి తెచ్చారు. సభ గడప ఎక్కని రైతు కూడా వాటిని విన్నాడు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా గారిని తలుచుకోండి. తెలుగు ముస్లిం. తంజావూరు బాణీ మీద మోజుతో నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర నేర్చుకుని, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి భక్తుడిగా బతికారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి. తమిళనాట తెలుగువాళ్ళం మనమెవరం అని ఎవరైనా అడిగితే, నేను ముందు చెప్పే పేరు ఆయనది.

ఇప్పుడు చూడండి. గుళ్ళో హారతికి మోటారుతో కొట్టుకునే డోలు, గంట వచ్చేశాయి. పెళ్ళిళ్ళకు చెండమేళం, డీజే పిలుస్తున్నారు. నాగస్వరం పెట్టినా వినడానికి కాదు, ముహూర్తానికి చప్పుడు కావాలని. పాపం ఆయన ఒక కీర్తన ఎత్తుకుని చరణం దాకా వస్తాడు, అంతలో ఎవరో వేలు ఊపి ‘కెట్టిమేళం, కెట్టిమేళం’ అంటారు. పాట అక్కడితో తెగిపోతుంది. భోజనానికి వాళ్ళను పిలిచేది ఆఖరి పంక్తికి.

‘చెవులు పగిలిపోతాయి, హాల్లో మాట్లాడుకోలేం’ అనేవాళ్ళకు ఒక జవాబుంది. అది ఆరుబయట వాయించడానికి పుట్టిన వాద్యం. దాన్ని నాలుగు గోడల మధ్య పెట్టి, ముందు మైకు, పక్కన స్పీకరు పెడితే చెవులు పగలక ఏమవుతాయి? తప్పు వాద్యానిదా, మనదా?

దీని వెనక ఎన్ని చేతులున్నాయో కూడా ఆలోచించండి. కుంభకోణం దగ్గర నరసింగంపేటలో ఆచ్చా చెక్కతో నాగస్వరం చేస్తారు. దానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు వస్తే సరిపోతుందా? వాయించేవాడికి పిలుపు లేకపోతే చేసేవాడి దగ్గర కొనేదెవరు?

అందుకని సంఘానికి నా మనవి. వచ్చే ఉగాదికి సినిమా ఆర్కెస్ట్రా ఖర్చులో సగం ఇటు తిప్పండి. ఒక మంచి నాగస్వరం, తవిల్ జోడీని పిలిచి, సాయంత్రం చల్లబడ్డాక ఆరుబయట రెండు గంటలు వాయించమనండి. మైకు వద్దు. పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి, తవిల్ మీద వేళ్ళు ఎట్లా ఆడతాయో చూడనీండి. వాయించబోయే కీర్తనల సాహిత్యం, అర్థం ఒక కాగితం మీద అచ్చేసి పంచండి. తెలుగు లిపి రాని మన పిల్లలకు పక్కన తమిళ లిపిలో కూడా ఉండాలి. నాలాగా తమిళ మీడియంలో చదివినవాళ్ళకు తెలుసు, అక్కడ క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. పాటల పుస్తకాల్లో పక్కన చిన్న అంకెలు వేసి తేడా చూపిస్తారు. మనమూ అట్లాగే వేద్దాం. నోరు తిరిగితే మాట నిలుస్తుంది.

విద్వాంసుల సంభావన ముందే మాట్లాడి, కవరులో పెట్టి, వేదిక మీద ఇవ్వండి. మొదటి పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించండి.

బెంగళూరు పిల్లలకు కూడా ఆ రోజు కబురు పంపుదాం. వస్తారా రారా అని ముందే తీర్మానం చెయ్యకండి. పిలిచి చూద్దాం.