మన పేజీ తాళం ఎవరి దగ్గర?

బెంగళూరులో బిల్డింగు పనికి వలసపోయిన రాచర్ల వైపు ఆమె ఒకరు, సంక్రాంతికి ఊరొచ్చి, మార్కాపురంలో మా ఆఫీసుకు వచ్చి నిలదీసింది. "ఏందక్కా, నెట్లో మీరు పెట్టిన నెంబరుకు చేస్తే ఎవరో మగాయన ఎత్తినాడు. నా మొగుడు కొడతన్నాడని అంతా చెప్పుకున్నాక, ఇది సిమెంటు కొట్టమ్మా అన్నాడు."

ఆ నెంబరు మేం వదిలేసి ఏడాది దాటింది. వెబ్‌సైటులో మాత్రం అలాగే ఉండిపోయింది. మార్చటం మరిచిపోయామని ఆమెకు చెప్పాను గానీ, అది సగం నిజమే. మార్చటం మా చేతిలో లేదు.

మా కంప్యూటరు పాతది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు మా మిషనులో లేదు. కొత్తది కొనే స్తోమత లేక, గిద్దలూరు నుంచి వచ్చి మాతో పనిచేసే చెల్లెలు అందులో ఉబుంటు లైనక్స్ ఎక్కించింది. ఆ నెంబరు మార్చుదామని ఆమె పేజీ ఫైలు తెరిస్తే తెలుగు ఒక్క ముక్క లేదు! ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కొమ్ములూ తోకలూ. ఎప్పుడో ఒక డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించిన పేజీ అది. అందులో ఉన్నవి తెలుగు అక్షరాలు కావు, తెలుగు వేషం వేసుకున్న వేరే అక్షరాలు. ఆ ఫాంటు ఉన్న మిషను మీదే వేషం నిలుస్తుంది.

తెలుగు 1991లోనే యూనికోడ్‌లో చేరింది. అయినా మన సంస్థల పాత కాగితాలు చాలావరకు ఇంకా ఆ వేషంలోనే ఉన్నాయి. దాని ఫలితం చూడండి. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచితంగా వకీలును ఇస్తారని, 2005 గృహహింస చట్టం కింద రక్షణాధికారికి ఫిర్యాదు చెయ్యొచ్చని, 181కి ఫోను చెయ్యొచ్చని మేం ఎంతో శ్రద్ధగా రాసి పెట్టుకున్నాం. గృహహింస అని తెలుగులో వెతికిన ఏ స్త్రీకీ మా పేజీ దొరికే అవకాశమే లేదు.

చెల్లెలు అంతా యూనికోడ్‌లోకి మార్చింది. మార్చే సాఫ్ట్‌వేరు వత్తుల్ని తారుమారు చేస్తే కూర్చుని ఒక్కొక్కటీ దిద్దింది. ఫైలును యూటీఎఫ్-8గా దాచి, ఆ సంగతి పేజీ తలభాగంలో కూడా చెప్పాలట. అందులో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు. బ్రౌజరు దాన్ని పాత పద్ధతిలో చదివితే ప్రతి గుర్తూ మూడు చెత్త గుర్తులుగా విడిపోతుంది. ఇంకో సంగతి బయటపడింది. ఫైళ్ళ పేర్లలో పెద్ద ఏ, చిన్న ఏ విండోస్‌కు ఒకటే, లైనక్స్‌కు వేరు. పాత మిషనులో చక్కగా కనబడే మా ధర్నా ఫోటో కొత్తదానిలో కనబడలేదు. మా సర్వరు కూడా లైనక్సే. అంటే ఆ ఫోటో జనం ఫోన్లలో ఏ రోజూ కనబడలేదన్నమాట! ఒక్కరూ చెప్పలేదు.

వీటన్నిటికంటే కష్టమైంది పాస్‌వర్డు. షాపు మూసేసి హైదరాబాదు వెళ్ళిపోయిన మనిషి దగ్గర అది ఉంది. సైటు పేరు రిజిస్ట్రేషను కూడా ఆయన పేరు మీదే. ఇంటిపట్టా మొగుడి పేరున ఉండకూడదని ఊరూరా తిరిగి చెప్పిన మేం, మా పేజీ పట్టా ఎవరి పేరున ఉందో అడగలేదు. ఆయన్ను బతిమాలి మార్పించుకోవటానికి నెలన్నర పట్టింది.

"ఈ కోడ్ గోల మనకెందుకు, కార్యకర్తల పని చూసుకోక" అని మా కమిటీలో అన్నవాళ్ళున్నారు. మొదట అన్నదాన్ని నేనే. కానీ మన పక్క నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు వాచకం పట్టుకున్నప్పుడు కూడా, కూలికి పోయేవాళ్ళకు చదువెందుకన్నారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. హెచ్‌టీఎంఎల్ పేజీ కూడా వట్టి అక్షరాల ఫైలే. యూనికోడ్‌లో ఉంటే ఏ మిషను మీదైనా, డబ్బు పెట్టని ఎడిటరులో తెరిచి దిద్దుకోవచ్చు. మార్కాపురం పలక ఏ ఊరు పోయినా ఏ బలపంతోనైనా రాయించుకుంటుంది కదా, అలా. అలా దిద్దుకోగలిగిన మనిషి సంస్థలో ఒక్కరే ఉన్నా చాలదు. ఆ ఒక్కరు పెళ్ళై వెళ్ళిపోతే మళ్ళీ సిమెంటు కొట్టే గతి.

ఇప్పుడు పాస్‌వర్డు ముగ్గురి దగ్గర ఉంది. శనివారాలు తర్లుపాడు, కంభం నుంచి ఇద్దరు వచ్చి నేర్చుకుంటున్నారు. మొదటి పాఠం ఫోను నెంబరు మార్చటం. లైనక్స్‌తో బాధలు తీరిపోయాయని చెప్పను. మా ప్రెస్సులో ఇప్పటికీ పేజ్‌మేకరూ, అనూనే. ఈ వ్యాసం కూడా అక్కడ రెండోసారి కొట్టించాల్సి వచ్చింది.