బేస్ ఎక్కువుంటే బాగున్నట్టేనా?

బాక్స్ మీద ‘ఎక్స్‌ట్రా బేస్’ అని చూసి ఇయర్‌ఫోన్స్ కొనేస్తున్నారా? కాస్త ఆగండి. డ్రైవర్ 12 ఎంఎం అయినంత మాత్రాన బేస్ అదిరిపోదు, ట్యూనింగ్ కుదరాలి. అంతకంటే ముందు ఇయర్‌టిప్స్ మీ చెవికి కుదరాలి. సీల్ లీకైతే మొదట పోయేది బేసే. టిప్స్ మార్చి చూడకుండానే ‘బేస్ లేదు’ అని తేల్చేసే రివ్యూలను నేనైతే నమ్మను.

సీల్ కుదిరాక 30 హెర్ట్జ్ టోన్ ప్లే చేయండి. 20 నుంచి 60 హెర్ట్జ్ దాకా ఉండేది సబ్-బేస్. వినబడటం కన్నా అదురులా తెలుస్తుంది. కొన్ని బడ్జెట్ మోడల్స్ దీన్ని వదిలేసి 150–250 హెర్ట్జ్ దగ్గర పెంచేస్తాయి. ఇక సింగర్ గొంతు దుప్పటి కప్పుకున్నట్టే! కిక్ డ్రమ్ దెబ్బకీ దెబ్బకీ మధ్య గ్యాప్ తెలియాలి. అది లేని బేస్‌ని ‘పంచీ’ అంటే ఒప్పుకోను.

అన్నట్టు, రెండు మోడల్స్ పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా పెట్టండి. సౌండ్ పెంచితే ఏదైనా బేస్ ఎక్కువున్నట్టే అనిపిస్తుంది.